పడమటి గాలి గీత

జీవమ్మకు మొగుడి మీద రోత ఆ నాలికతోనే మొదలైంది.

మ్యాపు మీద గీత గీసే ప్రతిసారీ ఇమ్మానుయేలు పెన్సిలు మొనను నాలికకు అద్దుకునేవాడు. తడి తగిలితే ఊదారంగుకు తిరిగే పెన్సిలు అది. పెదాలు ఊదా, పళ్ళ సందులు ఊదా, చూపుడువేలు ఊదా. గీత తప్పితే ఆ వేలే నోట్లో పెట్టి, ఎంగిలితో రుద్దేవాడు. మ్యాపులో చిన్న గుండ్రం పక్కన ఆమె పుట్టినూరు ఆళ్ళగడ్డ పేరు ఉండేది. మూడు రోజుల రుద్దుడికి అది సగం లేచిపోయి, కాగితం నూగు తేలింది.

ఇమ్మానుయేలు హైదరాబాదులో విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. వచ్చే సోమవారం మొదటిసారి పక్కన ఎవరూ లేకుండా దూరం పోవాలి. హైదరాబాదు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డల మీదుగా కడపకు. గాలి లెక్క రాసిచ్చి, దారి ఎవరికి వాళ్ళే గీసుకొని రమ్మన్నారట. అందుకని నంద్యాలకొచ్చి నడింట్లో మ్యాపు పరిచాడు.

"మే, ఎనిమిది దాకా సదివినావు గదా, నువ్వు లెక్క సదువు, నేను గీస్తా" అని ఆమెను ఎదురుగా కూర్చోబెట్టాడు.

ఎనిమిది దాకా ఎక్కడ! సగంలోనే బడి మాన్పించి పెళ్ళి చేశారు. ఇప్పుడు ఒళ్ళో ఏడు నెలల బిడ్డ. అయినా చదివి చదివి మ్యాపు ఆమెకే ముందు పట్టుబడింది. నల్ల గీత రైలుదారి. నీలం దారం కుందూ నది. గోధుమరంగు ముదిరేకొద్దీ కొండ ఎత్తు. నంద్యాలకు తూర్పున ముదురుగా ఉన్నదంతా నల్లమల. హైదరాబాదు నుంచి నంద్యాలకు దారి నిలువుగా, దక్షిణానికి.

"గాలి 270. గంటకు ఇరవై మైళ్ళు. విమానం గంటకు ఎనభై" అని చదివింది.

"270 అంటే పడమర" అని ఇమ్మానుయేలు హైదరాబాదు నుంచి పడమటి వైపుకు గాలిగీత లాగాడు. గాలి పడమటికి తోస్తుంది కాబట్టి విమానం ముక్కు కాస్త తూర్పుకు తిప్పి పోవాలని తేల్చాడు.

జీవమ్మ ఆ గీత మీద వేలు పెట్టింది. "ఏమయ్యా, గాలిగీత తిరగబెట్టినావే. అది పడమటి నుంచి వచ్చే గాలి గదా?"

"విమానం 180 అంటే 180 దిక్కుకు, దక్షిణానికి పోతాది. గాలి 270 అంటే 270 దిక్కుకే పోతాది. దానికో లెక్క, దీనికో లెక్క ఉంటాదా?"

"పుస్తకంలో చూడరాదా?"

"పుస్తకం హైదరాబాదులో ఉండాది."

"ఆడ మీ సారన్నా చూస్తాడా?"

"చూసినా ఒకటే, చూడకున్నా ఒకటే. నా లెక్కంటే ఆయప్పకు గురి."

వాకిట్లో పగ్గం పేనుకుంటున్న మామ సంజీవయ్య తలెత్తాడు. "ఏందిరా అది?"

"ఏం లేదు నాయనా, నీ కోడలు నాకు విమానం నేర్పుతాండాది!" ఊదా పళ్ళు బయటపెట్టి నవ్వాడు. ఆ నోరు చూడలేక జీవమ్మ మొహం తిప్పుకుంది.

కానీ చేతులు ఊరుకోలేదు. కొలిచింది. గాలి తూర్పుకు తోస్తుంటే ముక్కు కూడా తూర్పుకే తిప్పితే, గంటన్నరలో మనిషి నంద్యాలకు తూర్పున అరవై మైళ్ళ దూరాన తేలుతాడు. ఆ దారి రెండో సగమంతా నల్లమల, ముదురు గోధుమరంగు. పైన మబ్బు పట్టిందంటే కొండ కనబడుతుందా? ఒళ్ళో బిడ్డ, తండ్రి ఊదా వేలు కోసం చేతులు చాపుతున్నాడు.

తన తండ్రి కళ్ళంలో ఆమె ఎన్నేళ్ళు చేట పట్టలేదు! పడమటి గాలి లేస్తే కుప్పకు తూర్పున ఎవరూ నిలబడరు. ఇమ్మానుయేలును మాత్రం, చదువుకునే బిడ్డ, దుమ్ము పడదని మామ ఒక్కనాడూ కళ్ళం తొక్కనీయలేదు.

బిడ్డను పడుకోబెట్టి, పొద్దున దంచిన కొర్రలు చేటలో పోసుకొని వాకిట్లోకి వచ్చింది.

"మామా, ఈ పొద్దు ఏం గాలి?"

"పడమటి గాలి. మూడు దినాల నుంచి కండ్లల్లో మన్ను కొడతాంది."

"ఏమయ్యా, ఇట్లా వచ్చి నిలబడు. ఈడ, తూర్పున."

ఏదో సరసమనుకొని ఇమ్మానుయేలు వచ్చి నిలబడ్డాడు. జీవమ్మ చేట ఎత్తి వంచింది. గింజలు నేలన పడ్డాయి. పొట్టంతా పోయి అతని మొహాన పడింది. తడి పెదాలకు అంటుకుంది.

సంజీవయ్య పగ్గం వదిలేసి నవ్వాడు. "పడమటి గాలికి తూర్పున నిలబడతారేమిరా? గొడ్డు గూడా నిలబడదు గదరా ఆడ!"

"పొట్టు పడమటికి పోలేదా మామా?"

"పడమటికి యాడ పోతాది? నీకేమన్నా పిచ్చా పాపా?"

ఇమ్మానుయేలు పొట్టు ఉమ్మేస్తూ ఆమె వైపు చూశాడు. లోపలికి పోయాడు. వేలు నోట్లో పెట్టాడు, రుద్దాడు. గాలిగీత ఈసారి తూర్పుకు లాగాడు. విమానం ముక్కు కాస్త పడమటికి తిరిగింది, 180 నుంచి 194కు.

తర్వాత గొంతు పెంచి అన్నాడు. "నాయనా, చూసినావా! పొద్దున్నుంచి ఈ గీత మీద నాకు అనుమానమే. ఇప్పుడు పట్టేసినా!"

"నా కొడుకు బుర్రే బుర్ర" అన్నాడు సంజీవయ్య.

గీత సరిపోయింది, జీవమ్మకు అది చాలు. బిడ్డకు తండ్రి మిగిలాడు. కానీ చెరిపినచోట ఊదారంగు నీళ్ళు నల్లమల మీద ఇంకా పాకుతూనే ఉన్నాయి.

ఇమ్మానుయేలు నిద్రలేచిన బిడ్డనెత్తుకొని బుగ్గ మీద ముద్దుపెట్టుకున్నాడు. ఊదా మరక పడింది. జీవమ్మ కొంగుతో తుడిచింది. పోలేదు. ఇంకా గట్టిగా తుడిస్తే బిడ్డ ఏడ్చాడు.

"సోమవారం పైనుంచి చెయ్యి ఊపుతా. వానికి చూపించు."

"చూపిస్తాలే. ముందు ఆ నోరు కడుక్కొని రాపో."

"ఆళ్ళగడ్డ నుంచి కడప దారి మిగిలింది గదమే, సదువు, గీసేస్తా."

"పెన్సిలు ఇట్లియ్యి."

మొనను కొంగుతో రెండుసార్లు తుడుచుకొని, చెరిగిపోయిన తన ఊరి దగ్గర కొలబద్ద ఆనించి, నోటి దగ్గరికి తీసుకుపోకుండానే గీసింది. పొడి గీత, బూడిదరంగుది, సన్నగా కడప దాకా పోయింది.