పసుపు కింద పేరు

నేను ఒక నల్లరాయిని. పుట్టింది ఊరి వెనక కొండలో, నిలబడింది ఊరి ముందు నాలుగు రోడ్ల కూడలిలో. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఎవరో దొరగారు వచ్చి, ఈ ఊరి నుంచి వెళ్లి తిరిగిరాని వాళ్ల పేర్లు చెక్కించి నన్ను పాతించారు. దండ వేశారు, బూరలు ఊదించారు, వెళ్లిపోయారు. నన్ను ఎవరు చూసుకోవాలో చెప్పడం మాత్రం మరిచిపోయారు. పెద్దవాళ్ల పనులు అలాగే ఉంటాయి.

నా మీద అన్నిటికంటే కింద ఉన్న పేరు పెంటయ్యది. ముందు పుట్టిన బిడ్డలు దక్కలేదని, వీడైనా చావు కంట పడకూడదని తల్లి పురిటిలోనే పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఆ పేరు పెట్టిందట. పాపం, యముడు సముద్రాల అవతల యుద్ధం జరిగిన బస్రా దాకా వెళ్లి మరీ వెతుక్కున్నాడు. శవం రాలేదు. కడుపుతో ఉన్న భార్య గంగులమ్మకు నేనే మిగిలాను. మొగుడి పేరు నోట పలకకూడదు గనక, బడిపంతులు చూపించిన గీతల వెంట వేలు పెట్టి రాసుకునేది. చదువు రాని ఆ వేలి వెచ్చదనం నాకింకా గుర్తే.

ఆమె పోయాక మనవరాలు తవిటమ్మ రావడం మొదలుపెట్టింది. చింతపండు, పీచు తెచ్చి ఏటేటా నన్ను తోమేది. బడికి వెళ్లిన పిల్ల గనక తాత పేరు పైకే చదివేది. "తాతా, ఈయేడు వానల్లేవు" అంటూ కబుర్లు చెప్పేది. ఎన్నికలప్పుడు నా మీద పోస్టర్లు అంటించినవాళ్లు ఆమె చేత తిట్లు తినేవాళ్లు. మేకలు నాకు ఒళ్లు రాసుకునేవి. ఇప్పుడు తలుచుకుంటే ఆ మేకల మీద కూడా బెంగగా ఉంటుంది.

తరవాత రోడ్డు వెడల్పు చేస్తామన్నారు. నన్ను తీసేయాలని ఎర్రరంగుతో గుర్తు పెట్టారు. తవిటమ్మ కాళ్లరిగేలా తిరిగింది. పంచాయతీవాళ్లు రోడ్డువాళ్లను అడగమన్నారు. రోడ్డువాళ్లు పాత కట్టడాల ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడ, జాబితాలో ఉన్నవాటినే చట్టం కాపాడుతుంది, ఇది అందులో లేదన్నారు. సైనికుల ఆఫీసులో అయితే, పెంటయ్య తెల్లదొరల సిపాయి, మన సర్కారు సిపాయే కాదు పొమ్మన్నారు.

"ఆల్ది కాదు, ఈల్ది కాదు. మరి ఎవుల్ది బాబూ ఈ రాయి? సెప్తే ఆల్ల కాల్లే అట్టుకుంతాను" అందామె.

అక్కడి గుమస్తా జాలిపడ్డాడు. "గుడి అయితే ఎవరూ ముట్టుకోరమ్మా. ఇది ఉత్త పేర్ల రాయి కదా" అన్నాడు.

పొక్లెయిన్ వచ్చే రోజు పొద్దున్నే తవిటమ్మ గిన్నె నిండా పసుపు ముద్ద తెచ్చింది. పేర్ల దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్లూ తోమి తోమి నిలబెట్టుకున్న అక్షరాలు మరి.

"తాతా, మీయమ్మ నిన్ను పెంటకుప్పెక్కించి దాసింది. నానిలా దాత్తన్నాను. ఏటనుకోకు" అని, ఏడుస్తూ పై నుంచి కింద దాకా మెత్తేసింది. బొట్లు పెట్టి, వేపమండలు చుట్టింది.

బండి డ్రైవరు దిగి చెప్పులు విడిచాడు. "అమ్మోరి మీదకి నాను బండి తోలను సారూ" అన్నాడు. ఇంజినీరు కాసేపు గొణిగి, ఆఖరికి తనూ దణ్ణం పెట్టుకున్నాడు. అర్జీలకు కదలని రోడ్డు పసుపుకు పక్కకు తిరిగింది.

ఇప్పుడు నాకు శుక్రవారం శుక్రవారం కొబ్బరికాయలు, చీరలు. ఆడవాళ్లు వచ్చి బిడ్డల్ని ఇమ్మని అడుగుతారు. నేను బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ల రాయినని వాళ్లకెలా చెప్పను?

తవిటమ్మ కూడా వరసలో వస్తుంది. నలుగురూ వింటారని తాతా అని పిలవదు. తన వంతు రాగానే వంగి, తడి పసుపులో అన్నిటికంటే కింద వేలితో పెంటయ్య అని రాస్తుంది. ఆ వేలు అచ్చం వాళ్ల నాయనమ్మ వేలే. వెనకామె అరచేత్తో పసుపు పూసి దాన్ని చెరిపేస్తుంది.

నాకు చీరలొద్దు, కొబ్బరికాయలొద్దు. మళ్లీ శుక్రవారం ఆ వేలు వస్తే చాలు.