దూలానికి ఆనించిన వీపులు

కాలవ లాకు తలుపుని తిప్పే దూలానికీ గోడకీ మధ్య నలిగిపోయి ఉన్న అన్నయ్యని నేనే మొదట చూశాను. పక్కన అరిచేవాడు ఉంటే బతికేవాడు. లాకుకి ఒక్కడు చాలని కాంట్రాక్టరు రెండోవాణ్ణి పీకేసి అప్పటికి తొమ్మిది రోజులు. "తాగి పడ్డాడు" అని రాసుకున్నారు. మా అన్నయ్య టీ కూడా తాగేవాడు కాదు, దొంగ వెధవలారా!

లాకుకి ఇద్దరు కావాలి. మేం అడిగింది అదొక్కటే. ఇచ్చేదాకా కాలవ మీద పడవ కదలదన్నాం.

సమ్మెకి మాకొక పద్ధతుంది. తూములు ఎత్తే ఇనప హ్యాండిళ్లన్నీ ఒకచోట పెట్టేస్తాం. హ్యాండిల్ లేనిదే లాకులోకి నీళ్లు రావు, పోవు. ఈసారి పద్నాలుగింటినీ మామ చేతికిచ్చాం. మామంటే లాకుకి ఎగువన, పడవల కోసం పైకెత్తే వంతెన దగ్గర చక్రం తిప్పే ఆయన, మా సంఘానికి అధ్యక్షుడు. మాకు పనీ, నిలదీసి మాట్లాడటమూ నేర్పిందాయనే.

"అన్నీ ఒక్కడి చేతికే వద్దు" అంది వదిన మీటింగులో.

"మామనే అనుమానిస్తే ఇంకెవర్ని నమ్ముతాం?" అన్నాను. ఆ మాటకి నన్ను చెప్పుతో కొట్టాలి.

ఐదో రోజు పొద్దున వంతెన లేచింది. కాంట్రాక్టరు పడవలు మూడు దాన్ని దాటి లాకులో దూరాయి. మా హ్యాండిళ్లు వాడి మనుషుల చేతుల్లో ఉన్నాయి.

వాళ్లు పై తలుపు మూసి కింది తూము ఎత్తారు. నీళ్లతోపాటు పడవలూ దిగాయి. లోపలా బయటా నీళ్లు సమమయ్యాక కింది తలుపు తేలికైపోతుంది, దూలాన్ని ఎటు తోస్తే అటే తిరుగుతుంది. ఎనిమిదిమంది తోయడం మొదలుపెట్టారు.

"గుడ్లప్పగించి చూస్తారేంట్రా? రండి!" వదిన పరుగెత్తి దూలానికి అవతలి వైపు వీపు ఆనించింది. తనతో కలిపి ఇరవైమందిమి ఆనుకున్నాం. దూలం ఆగిపోయింది.

కాంట్రాక్టరు మనుషులు మామని మా దగ్గరికి తోలుకొచ్చారు.

"వదిలెయ్యండ్రా. హ్యాండిళ్లు ఇవ్వకపోతే నన్ను క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. ఈ వయసులో ఎక్కడికి పోను?"

"మా ఇంటికి రాకపోయావా మామా?" అంది వదిన. "నా మొగుణ్ణి ఇక్కణ్ణించి లాగి తీసింది నువ్వు కాదూ? ఆ చేతుల్తోనే ఇచ్చొచ్చావా?"

మామ వెనక్కి తిరిగి వంతెన చక్రం దగ్గరికి పోయాడు. నాకు ఏడుపొచ్చింది.

కాసేపటికి పోలీసులొచ్చి, వదినతో మొదలుపెట్టి నాతో కలిపి పదకొండుమందిని వ్యానెక్కించారు. మిగతా తొమ్మిదిమంది దూలం వదల్లేదు. కానీ ఎంతసేపు ఆగగలరు?

వెనక ఇంకా పడవలున్నాయని వంతెన ఎత్తే ఉంచారు. అవతలి ఒడ్డున పడవలకి మూటలు మోసేవాళ్లు వందమంది దాకా మా కోసం పోగై, దాటలేక అరుస్తున్నారు. స్టేషనూ అటువైపే. మమ్మల్ని తీసుకుపోవాలంటే వంతెన దించక తప్పదు. మామే చక్రం తిప్పాడు. మా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

వ్యాను కదిలేలోపే ఆ వందమందీ వంతెన మీదికి వచ్చిపడ్డారు. లాఠీలు లేచినా ఆగలేదు. తలగుడ్డ కట్టుకున్న ఒకావిడ వ్యాను జాలీ పట్టుకుని రొప్పుతూ అడిగింది.

"అక్కా, మాకు లాకు పని తెలీదు. ఎలా ఆపాలి?"

"చేతుల్తో తొయ్యొద్దు, జారతాయి" అంది వదిన. "వీపు ఆనించి కాళ్లు తన్నిపెట్టండి. పో, పరుగెత్తు!"