మీ గురించి ఇలా రాశాం

"పేరుమోసిన అని ఒక ముక్క తగిలించండి," అన్నాడు పిండిమర యజమాని.

పిన్ని కళ్ళు మూసుకుంది. ఫోను ఎడమ చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉంది. కుడిచేతిలో పెన్సిలు, ఎడమచేతిలో సాయంత్రం పంపాల్సిన వార్తల ప్రింటు. పొద్దుటి నుంచి ఇది ఎన్నో ఫోనో ఆమెకే తెలీదు.

"అది కుదరదండీ. ఇంకోసారి చదువుతాను, వినండి. పిండిమర బాగా పొద్దుపోయేదాకా ఆడుతోందని, నిద్ర ఉండటం లేదని ఇరుగుపొరుగువాళ్ళు ఫిర్యాదు చేశారు. పగలు కరెంటు నిలకడగా ఉండటం లేదని, గత్యంతరం లేక అప్పుడు ఆడిస్తున్నానని యజమాని చెప్పారు. అంతే. ఇందులో తప్పేమన్నా ఉందా?"

"తప్పు లేదనుకోండి. కానీ మరీ చప్పగా ఉంది. పేరుమోసిన పిండిమర యజమాని అంటే కాస్త నిండుగా ఉంటుంది కదా."

"ఎక్కడ మోసిందండీ పేరు?"

"మా వీధిలో."

"ఫిర్యాదు చేసింది మీ వీధివాళ్ళే!"

తర్వాత ఆయన, పోనీ ఫొటో అయినా వెయ్యమన్నాడు. కొత్త చొక్కాలో తీయించుకున్నది ఒకటి ఉందట. పిన్ని నమస్కారం చెప్పి ఫోను పెట్టేసి, ఆ వార్త పక్కన పెన్సిలుతో ఒక టిక్కు కొట్టింది. నా ఖర్మ, అనుకుంది. పైకే అనుకుంది.

ఆమె పని ఇదే. అక్క కూతురు చిట్టి పెద్ద పేపర్లో ఉద్యోగం మానేసి సొంతంగా ఒక న్యూస్‌లెటరు పెట్టింది. ప్రకటనలు లేవు, వెనక పెద్దమనుషులు లేరు, పాఠకులు కట్టే చందాతోనే నడుస్తుంది. ప్రతి శుక్రవారం సాయంత్రం ఐదింటికి పాఠకుల ఫోన్లలోకి వెళ్తుంది. వెళ్ళేముందు అందులో ఎవరెవరి పేర్లున్నాయో వాళ్ళందరికీ పిన్ని ఫోను చేసి, వాళ్ళ గురించి రాసింది ఉన్నదున్నట్టు చదివి వినిపించాలి. తప్పుంటే దిద్దుతారు. తప్పు లేకపోయినా నచ్చకపోతే, నచ్చలేదన్న సంగతి కూడా వేస్తారు. ఇదేం చాదస్తమని చిట్టి స్నేహితులు నవ్వారు. కానీ ప్రతి సంచిక కిందా ఒక వాక్యం ఉంటుంది: ఇందులో పేరున్న ప్రతి మనిషికీ, వారి గురించి రాసింది ముందే చదివి వినిపించాం. ఆ ఒక్క వాక్యం చూసే చందా కట్టామన్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

పిన్ని పొట్టి మనిషి. కుర్చీలో కూచుంటే పాదాలు నేలకానవు, అందుకని బల్ల కింద పాత పెయింటు డబ్బా బోర్లించుకుంది. ఎడమ భుజం కుడిదానికన్నా కాస్త ఎత్తు. రిటైరయ్యేదాకా ఆమె ఉద్యోగం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో. తీగలు మారి, యంత్రాలు మారి, మనుషులే అక్కర్లేని రోజు వచ్చేదాకా ఊళ్ళోవాళ్ళ మాటలు కలుపుతూ కూచుంది. అన్నేళ్ళలో "మాట్లాడండి" అనడమే తప్ప తను మాట్లాడింది లేదు. ఆ బాకీ ఇప్పుడు పిండిమరలతో తీరుతోంది.

ఆఫీసంటే కాలిన మోటార్లకి కొత్త తీగ చుట్టే షాపు పైన రెండు గదులు. కింది నుంచి వార్నిషు వాసన ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. ముందుగదిలో పిన్ని, లోపలిగదిలో చిట్టి, మధ్యలో తలుపు లేని గుమ్మానికి వెలిసిపోయిన కర్టెను.

ఇక పాఠకులు. చందా కట్టిన ప్రతివాడూ యజమానే. ఒకాయనకి అక్షరాలు చిన్నవి. అవే అక్షరాలు ఇంకొకావిడకి మరీ పెద్దవి, మేమేమన్నా ఒకటో తరగతి పిల్లలమా అని అడుగుతుంది. ఒక రిటైర్డు ఇంజినీరు ప్రతి శుక్రవారం ఫోను చేసి, మీ వార్తల్లో సంతోషం ఉండదేం అంటాడు. మీ మురిక్కాలవ గురించే కదండీ రాసింది, అందులో సంతోషం ఎక్కడి నుంచి తెమ్మంటారు అని పిన్నికి నోటిదాకా వస్తుంది. "అలాగేనండీ, చూస్తాం" అంటుంది. ఫోను పెట్టేశాక కర్టెను వైపు తిరిగి, "విన్నావా, సంతోషం కావాలిట!" అని అరుస్తుంది. అటునుంచి చిట్టి కూడా నిట్టూరుస్తుంది. ఇద్దరికీ అదొక కాలక్షేపం.

ఇవాళ మాత్రం చిట్టి నిట్టూర్చలేదు. పొద్దుటి నుంచి ఇద్దరి తలనొప్పీ ఒకటే: స్కూలు వ్యాను.

మంగళవారం నాడు ఒక స్కూలు వ్యానులో చిన్నపిల్లాడు వెనక సీటులో నిద్రపోయాడు. అందరినీ దించేశామనుకుని డ్రైవరు తాళం వేసుకుని వెళ్ళిపోయాడు. ఎండలో పిల్లాడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లితే, దారినపోయే ఎవరో అద్దం పగలగొట్టి తీశారు. ప్రాణానికేం కాలేదు. తప్పంతా వ్యాను ఆయాదేనని, ఆమెను పనిలోంచి తీసేశామని స్కూలు మేనేజరు ప్రకటించి చేతులు దులుపుకున్నాడు. చిట్టి పాఠకుల్లో సగంమంది పిల్లలు ఆ స్కూల్లోనే చదువుతున్నారు. ఎప్పుడు వేస్తారు, పేరుతో సహా వెయ్యాలి, మీకూ భయమేనా, అంటూ మూడ్రోజులుగా ఒకటే మెసేజీలు.

ఆయాకి తప్ప అందరికీ చదివి వినిపించడం అయిపోయింది. మేనేజరు విని, "కరెక్టే" అన్నాడు. డ్రైవరు విని, నాకేం తెలీదన్నాడు. ఆయా ఫోను మాత్రం స్విచ్చాఫ్. పిన్ని చేసిన ప్రతిసారీ ఆ రికార్డు గొంతు అదే మర్యాదతో అదే మాట చెబుతోంది. పిన్నికి ఒళ్ళు మండిపోయింది. ఒకప్పుడు లైను దొరకట్లేదని చెప్పే ఉద్యోగం తనదే, కనీసం తను కాస్త జాలిగా చెప్పేది.

మధ్యాహ్నం దాటాక చిట్టి కర్టెను తప్పించుకుని వచ్చి నిలబడింది. జుట్టు పైకి ముడేసి అందులో పెన్ను గుచ్చుకుంది. మూడ్రోజులుగా సరిగ్గా తిన్న మొహం కాదు.

"పిన్నీ, అన్ని పేపర్లలోనూ ఆవిడ పేరు వచ్చేసింది. మనమొక్కళ్ళం ఆపితే ఎవరికి లాభం?"

"అందరూ వేసేశారుగా, మరి మనం వెయ్యడమెందుకు? పోయి పడుకో."

"అబ్బా, వెటకారం ఆపు."

"వెయ్యొద్దనట్లేదే తల్లీ. ఆవిడ వినేదాకా ఆగు. లేదా పేరు తీసెయ్."

"పేరు తీసేస్తే దాస్తున్నామంటారు. ఇప్పటికే కొందరు చందా మానేస్తామని రాశారు. వాళ్ళు పోతే ఈ గదులు కూడా ఉండవు. తెలుసా నీకు?"

"తెలుసు."

చిట్టి గోడ గడియారం వైపు చూసింది. "ఆరింటిదాకా ఆగుతాను. అప్పటికీ దొరక్కపోతే నన్నేమీ అనకు."

"సరే," అంది పిన్ని. అక్క కూతురి మాట మీద ఆమెకు ఎప్పుడూ అనుమానం రాలేదు.

ఈ చాదస్తం ఆమెకు ఊరికే అంటుకున్నది కాదు. బాబాయి, అంటే పిన్ని భర్త, బస్సు డిపోలో స్టోర్‌కీపరు. ఒకసారి టైర్లు పోయాయి. అనుమానితుల్లో ఆయన పేరూ ఉందని పేపర్లో పడింది. పోయింది ఇంకెవరి వల్లో అని తేలాక, అదే పేపరు ఒక మూల చిన్న సవరణ వేసింది. ఉద్యోగం పోలేదు, ఇంక్రిమెంటు పోలేదు, ఎవరూ మొహం మీద ఒక్క మాట అనలేదు. అయినా ఆ రోజు నుంచి ఆయన కనబడిన ప్రతివాడికీ సంజాయిషీ చెప్పుకోవడం మొదలుపెట్టాడు. పెళ్ళి భోజనాల్లో పక్కన కూచున్నవాడికి, రైల్లో ఎదుటి సీటువాడికి, పాలు పోసేవాడికి. "ఆ టైర్ల విషయంలో నా తప్పేం లేదండీ" అని మొదలెట్టేవాడు. వాళ్ళకి ఏ టైర్లో తెలీదు. "ఊరుకోండి, ఆయన ఆ పేపరే చదవలేదు" అని పిన్ని మోచేత్తో పొడిచేది. విసుక్కునేది. కసిరేది కూడా. ఆయన పోయేముందు ఆస్పత్రిలో నర్సుకి సైతం ఆ టైర్ల కథంతా చెప్పాడు. పాపం, ఆ పిల్ల రక్తపోటు చూస్తూ, "అవునా తాతగారూ" అని చివరిదాకా వింది.

ఒక్క ఫోను చేసి అడిగి ఉంటే సరిపోయేది, ఆ రిపోర్టరు ఎవడో. పిన్నికి ఆ మనిషి మీద ఇప్పటికీ కోపం చల్లారలేదు.

సాయంత్రానికి ఆమెకొక ఉపాయం తట్టింది. మేనేజరు ఇచ్చిన ఆయా చిరునామాలో వీధి పేరుంది. ఆ వీధిలో దుకాణాల నంబర్లు వెతికి, ఒక్కొక్కరికే ఫోను చేసుకుంటూ పోయింది. బియ్యం కొట్టువాడు తెలీదన్నాడు. మందుల షాపువాడు మీరెవరని గదమాయించాడు. ఒక దర్జీ మాత్రం, "మా పైవాటాలోనే ఉంటారండీ. అన్నం కూడా వండుకోవట్లేదు పాపం" అన్నాడు. బేరం వచ్చింది, పంపించేసి ఫోను పైకి తీసుకెళ్తాను, లైన్లోనే ఉండండి అన్నాడు.

పిన్నికి హమ్మయ్య అనిపించింది. ఐదున్నర కావస్తోంది, ఆరు కావడానికి ఇంకా బోలెడు టైముంది. సంచీలోంచి కమలాపండు తీసి, ఫోను భుజాన అదిమిపట్టి తొక్క వొలవడం మొదలుపెట్టింది. అవతల కత్తెర చప్పుడు, ఎవరో జాకెట్టు చేతులు బిగువయ్యాయని గొడవపడటం, తర్వాత మెట్లెక్కుతున్న అడుగులు వినిపించాయి.

"హలో. ఎవరండీ?" చాలా నీరసమైన గొంతు.

పిన్ని పండు బల్ల మీద పెట్టి ప్రింటు అందుకుంది. "నమస్కారమమ్మా. న్యూస్‌లెటరు నుంచి మాట్లాడుతున్నాను. మీ గురించి ఇలా రాశాం. చదువుతాను, వినండి. తప్పుంటే చెప్పండి. మీరు విన్నాకే పంపుతాం." ఎన్నో వందలసార్లు చెప్పిన మాటలే అయినా ఇవాళ నెమ్మదిగా చెప్పింది. తర్వాత చదివింది: పిల్లలను లెక్క చూసుకుని దించాల్సిన ఆయా, లెక్క చూడకుండా వెళ్ళిపోవడం వల్లే ఇలా జరిగిందని యాజమాన్యం తెలిపింది. ఆయా పేరు ఉన్నచోట గొంతు తగ్గించింది.

చదవడం ముగించి ప్రింటు బల్ల మీద పెట్టింది.

"అమ్మా, విన్నారా?"

"విన్నానండీ. ఇందాక మా అమ్మాయి కూడా ఇదే చదివింది."

"ఏది?"

"ఇదేనండీ. ఈ మాటలే. ఎవరో దాని ఫోనుకి పంపారు. కింద, పేరున్న ప్రతి మనిషికీ ముందే చదివి వినిపించామని కూడా ఉందిగా. అది విని మా ఆయన నిలదీశాడు. వాళ్ళు ఫోను చేస్తే నువ్వేం చెప్పావు, అంతా విని తప్పు నాదేనని ఒప్పుకున్నావా అని. నాకెవరూ చెయ్యలేదు మొర్రో అంటే నమ్మడే! అచ్చులో ఉంది కదా అంటాడు. బయటికెళ్ళిపోయాడు."

పిన్ని చెయ్యి బల్ల అంచుని పట్టుకుంది.

"అసలేం జరిగిందమ్మా?"

"వ్యానుకి ఇద్దరం ఉండాలండీ. ముందొకరు, వెనకొకరు. ఆరోజు మేనేజరుగారింటికి చుట్టాలొచ్చారని రెండో ఆవిణ్ణి వాళ్ళింటికి పనికి పంపారు. దిగేటప్పుడు ఒక పాప పడి మోకాలు చెక్కుకుపోతే ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళాను. వచ్చేసరికి వ్యాను లేదు. లెక్క చూడలేదు, నిజమే. నా తప్పే లేదని నేననను. కానీ ఎవరన్నా అడుగుతారేమో అని చూశాను. ఫోన్లో అన్నీ తిట్లే వస్తుంటే కట్టేశాను. మీరు అడగబోతున్నారని నాకేం తెలుసు?"

పిన్ని అంతా రాసుకుంది. అలవాటు కొద్దీ, "మీరు చెప్పింది ఇలా రాసుకున్నాను, వినండి" అని మొదలుపెట్టింది.

"ఇప్పుడెందుకండీ అదంతా," అని ఆయా ఫోను దర్జీకి ఇచ్చేసింది.

పిన్ని లేచి కర్టెను తీసింది. చిట్టి కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఉంది.

"ఎప్పుడు పంపావు?"

"ఐదింటికే." చిట్టి చేతులు తియ్యలేదు. "ఆపకుండా మెసేజీలు, పిన్నీ. మొదటి నుంచీ చందా కడుతున్న డాక్టరుగారు కూడా మానేస్తానన్నారు. ఆవిడ ఎలాగూ దొరకదనుకున్నాను. నీకు చెబుదామనే ఉన్నాను..."

"దొరికింది."

పిన్ని తను రాసుకున్న కాగితం ఆమె ముందు పెట్టింది. చిట్టి చదివింది. చదువుతుంటే మెడ దాకా ఎర్రబడింది. "అయ్యో... రేపు పొద్దున్నే వేస్తాను. సవరణ అన్నిటికన్నా పైన. పెద్దక్షరాలతో. ఒట్టు."

"వెయ్యి. తప్పకుండా వెయ్యి. ఆవిడ మొగుడు చదువుతాడేమో చూద్దాం."

"పిన్నీ, నామీద కేకలెయ్యి. నాలుగు తిట్టు."

"తిట్టే ఓపిక కూడా లేదే. కోపంగా ఉంది, ఏడుపూ వస్తోంది. వార్త నీది. నీ ఇష్టం, ఎలా అయినా రాసుకో. చదివి వినిపించామన్న ఆ కింది వాక్యం మాత్రం నాదమ్మా. వినిపించేది నేను. నాచేత అంతమంది ముందు అబద్ధమాడించావు."

చిట్టి ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కుంది.

"ఆ దర్జీ షాపుకి వెళ్తున్నాను," అంది పిన్ని, చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ. "ఆవిడ మొగుడు వచ్చేదాకా అక్కడే కూచుంటాను. ఫోను చెయ్యంది నేనేనని నా నోటితో చెప్పాలి. అక్కణ్ణించి ఇంటికి. సోమవారం నుంచి నాకోసం చూడకు."

"అలా అనకు పిన్నీ."

"మీ అమ్మకి నేను చెప్తాలే. నువ్వు వేళకి తిను."

సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది. ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, గోడ పట్టుకుని, ఎప్పుడూ దిగినట్టే దిగింది. కింద షాపులో ఎవరో పలకరిస్తే బదులు కూడా చెప్పింది.

చిట్టి సవరణ రాసింది. కొట్టేసి మళ్ళీ రాసింది. పంపే ముందు ఆయాకి చదివి వినిపించాలని గుర్తొచ్చి, ముందుగదిలోకి వచ్చి పిన్ని కుర్చీలో కూచుంది. అంతలో ఫోనే మోగింది. ఎవరో పాఠకుడు, ఇవాళ చాలా ధైర్యంగా రాశారు, ఇలాగే కొనసాగించండి అని మెచ్చుకున్నాడు. ఆమె థాంక్స్ చెప్పలేకపోయింది. ఫోను పెట్టేసి, ప్రింటు మీద పిన్ని రాసుకున్న దర్జీ నంబరు కలిపింది. అవతల మోగుతుంటే, మీ గురించి ఇలా రాశాం, అని లోలోపల అనుకుని చూసుకుంది. ఆ నాలుగు మాటలూ పిన్ని ఎలా అనేదో ఎంత ప్రయత్నించినా గొంతులోకి రాలేదు.

బల్ల మీద, ఆమె చేతి పక్కనే, సగం వొలిచిన కమలాపండు ఉంది. ఇంకా ఊడిరాని తొక్క ఒకటి బల్ల అంచు మీంచి కిందికి వేలాడుతోంది.