జోస్కాలో అమ్మకానికున్న కారు

నైరోబీ ఆసుపత్రి మందుల స్టోరులో నా డ్యూటీ మొదలయ్యే వేళ పొద్దున్న ఎనిమిదింటి నుంచి ఆరింటికి మార్చారు. తాలా నుంచి నైరోబీ వెళ్ళే మటాటు వ్యాను మనుషులు నిండితే గానీ కదలదు, ఐదింటికి ముందు నిండదు. నెలాఖరులోగా కారు కొనక తప్పదని తేలిపోయింది. నాకు నలభై మూడేళ్ళు. లైసెన్సు ఎప్పుడో తీసుకున్నాను గానీ కారు అవసరం అంతవరకూ రాలేదు.

తాలాలో ఇల్లు కట్టుకుని రెండేళ్ళయింది. మొదలుపెట్టినప్పుడు ఇద్దరికని మొదలుపెట్టాను. పైకప్పు వేసేసరికి మా ఆయన కిసుములో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. దాని గురించి ఇంతకు మించి చెప్పడానికేమీ లేదు.

మా స్టోరులో లెక్కలు చూసే ఒబురాకి కార్లంటే పిచ్చి. అతనికి సొంత కారు లేదు. సంగతి చెప్పగానే మందుల అట్టపెట్టె ఒకటి చింపి, వెనక మూడు గళ్ళు గీశాడు.

"కొత్తది పాతిక లక్షల షిల్లింగులు. షోరూం గేటు దాటిన రోజే మూడు లక్షలు రోడ్డు మీద పారేసుకున్నట్టు. కానీ మూడేళ్ళు మెకానిక్ మొహం చూడక్కర్లేదు. రెండోది జపాను వాళ్ళు ఏడేళ్ళు వాడి ఓడెక్కించింది. పదకొండు లక్షలు. మూడోది ఇక్కడ మనవాళ్ళు వాడినది. ఐదారు లక్షలకి వస్తుంది, మన గతుకులన్నీ దాని ఒంట్లో ఉంటాయి. నెలనెలా ఏదో ఒకటి ఊడుతుంది. రోజుకెన్ని కిలోమీటర్లు?"

"పోనూ రానూ నూట పన్నెండు."

"బండిలో ఎంతమంది?"

"నేనే."

"అది డ్యూటీకి. ఆదివారాలు చర్చికి, చుట్టాలింటికి?"

"నేనే, ఒబురా."

అతను వెనక సీటు గురించి రాసిన వరుస కొట్టేశాడు. "అలా అయితే చిన్నది చాలు," అన్నాడు నా వైపు చూడకుండా. అట్టముక్క నా చేతికిచ్చి, "ఇక్కడిదే, ఒక్క చేతి మీద నడిచింది, గారాబంగా చూసుకున్నది దొరికితే కళ్ళు మూసుకుని తీసుకో. దొరకదులే. అలాంటిది ఎవరమ్ముతారు?" అన్నాడు.

నాకు దొరికింది. దారిలో జోస్కా దగ్గర రోడ్డు పక్క గేటుకి కట్టిన అట్టముక్క మటాటు కిటికీలోంచి కనిపించింది. "కారు అమ్మబడును. ఒకే యజమాని." శనివారం వెళ్ళి అక్కడ దిగాను.

ఆయన పేరు ముసెంబి. రోడ్ల శాఖలో సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. డెబ్బై దాటాయి, మనిషి కర్రలా నిటారుగా ఉన్నాడు. బూడిద రంగు కారు, పద్నాలుగేళ్ళది, తిరిగింది తొంభై వేల కిలోమీటర్లే. సీటు మీద ముడత కూడా లేదు. ఐదున్నర లక్షలన్నాడు. నేను బేరమాడలేదు.

"ముందు టీ తాగు తల్లీ. బండి ఎక్కడికీ పోదు," అన్నాడు.

ఉడకబెట్టిన చిలగడదుంపలతో టీ అయ్యాక బండి నా చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు. పక్కనున్న కములు ఊరి దాకా వెళ్ళి తిరుగుదామనుకున్నాను. "ఇంకొంచెం పోనీ" అంటూ డొంకదారులన్నీ తిప్పించాడు. ఆ దారులన్నీ తను కొలిచినవే. ఒక వంపు దగ్గర ఆపించి, "ఈ వంపు నాది కాదు. నేను నేరుగా గీశాను. మంత్రిగారి బావమరిది పొలం అడ్డొచ్చింది," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పక్కన మనిషి కూర్చుని మాట్లాడుతుంటే బండి నడపడం అదే మొదలు.

తిరిగొచ్చాక బండి యాజమాన్య కాగితాలడిగాను.

"లాగ్‌బుక్కు ఎక్కడో పెట్టాను. వెతికి ఉంచుతాను. వచ్చే శనివారం రా."

వచ్చే శనివారానికి లాగ్‌బుక్కు దొరకలేదు గానీ, మొక్కజొన్నలూ చిక్కుడు గింజలూ కలిపి గిథేరి వండి ఉంచాడు. ఇద్దరికి సరిపోయేంత. నాలుగేళ్ళ కిందట భార్య పోయిందని అప్పుడే చెప్పాడు. ఉప్పు ఎక్కువైంది. రెండోసారి వడ్డించుకున్నాను.

మూడో శనివారం మా తాలా మెకానిక్ కియోకోని తీసుకెళ్ళాను. అతను గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఇదా అక్కా? దీన్ని చూడక్కర్లేదు. ఈ ఏడాదిలో ఆరుసార్లు చూశాను, ఆరుగురి కోసం. ఇంజను బంగారం. కానీ ఆయన అమ్మడు."

"మరి బోర్డెందుకు?"

కియోకో భుజాలెగరేసి, దార్చార్జీలు తీసుకుని వెళ్ళిపోయాడు.

నేను లోపలికి వెళ్ళాను. ఆయన రెండు కప్పులు కడుగుతున్నాడు.

"పెద్దాయనా, నాకు నెలాఖరుకి బండి కావాలి. మీరిది అమ్ముతారా, అమ్మరా?"

కప్పులు బోర్లించి చేతులు తుడుచుకున్నాడు.

"మొదట నిజంగానే అమ్ముదామనుకున్నాను. రుయిరు నుంచి భార్యాభర్తలొచ్చారు, చంటిపిల్లతో. మధ్యాహ్నం దాకా ఉన్నారు. ఆ పిల్ల ఈ కుర్చీలోనే నిద్రపోయింది. ఆలోచించుకుని చెబుతామని వెళ్ళారు. ఆ తర్వాతి శనివారం పొద్దున్నే లేచి గేటు తెరిచి కూర్చున్నాను. వాళ్ళు రాలేదు. ఇంకెవరో వచ్చారు."

నాకు కోపం రావాల్సింది. మూడు శనివారాలు పోయాయి. రాలేదు. ఆ మూడు శనివారాలు నా ఇంట్లో ఉండి ఏం చేసేదాన్నో నాకు తెలుసు. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికేదాన్ని.

"టీ పెట్టండి," అన్నాను.

నెలాఖరుకి జపాను నుంచి వచ్చిన చిన్న తెల్ల కారు కొన్నాను. సగం సహకార సంఘంలో అప్పు. ఒబురా అట్టముక్క ప్రకారం సరైన కొనుగోలు అదే. అతను స్టోరు బయటకొచ్చి చుట్టూ తిరిగి చూసి, తనే కొన్నంత సంబరపడ్డాడు. ఆ లెక్కలో తప్పేమీ లేదు. ఈ రోజుకీ ఆ బండి నన్ను దారిలో వదిలేయలేదు.

తాళం తిప్పగానే అందులోంచి ఒక ఆడగొంతు జపాను భాషలో ఏదో చెబుతుంది. దాన్ని తీయించేయొచ్చన్నాడు కియోకో, వద్దన్నాను. పొద్దున్న నాలుగున్నరకి ఆమె ఏదో అంటుంది, "సరే, బయల్దేరదాం" అంటాను నేను. ఆ తర్వాత నైరోబీ దాకా మాటలుండవు. మటాటులో రెండేళ్ళపాటు నా భుజం మీద తలవాల్చి నిద్రపోయిన ఒకావిడ ఉండేది. ఎప్పుడూ పేరడగలేదు. ఇప్పుడు అడగాలంటే ఎక్కడ దిగేదో కూడా తెలియదు, ఆమెకంటే ముందు నేనే దిగిపోయేదాన్ని.

ఐదు వారాల తర్వాత ఒక శనివారం ముసెంబిగారికి చూపిద్దామని జోస్కాలో ఆగాను. ఆయన బండి చుట్టూ తిరిగాడు. "రంగు బాగుంది. టైర్లే నాసిరకం," అన్నాడు. లోపల అప్పటికే ఇద్దరున్నారు. కంగుండోలో టీచరుగా చేసే అమ్మాయి, ఏడో నెల. పక్కన ఆమె భర్త. "ఈవిడా నా బండి చూసిపోయిన మనిషే" అని పరిచయం చేసి, ఆయన దుంపలు తెచ్చేందుకు వంటింట్లోకి వెళ్ళాడు.

భర్త గొంతు తగ్గించి అడిగాడు. "మీరెందుకు కొనలేదండీ? లోపమేమైనా ఉందా?"

వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. నిజం చెబితే వీళ్ళు లేచి వెళ్ళిపోతారు. చెప్పకపోతే వీళ్ళ శనివారాలు కూడా పోతాయి, ఈ అమ్మాయికి అంత వ్యవధి లేదు.

"బండిలో ఏ లోపమూ లేదు. నాకు తొందరుండి వేరేది తీసుకున్నాను," అన్నాను. "మీకెంత తొందరో ఆయనకి చెప్పండి. దాచుకోకండి."

టీ తాగి వచ్చేశాను.

రెండు వారాలకి ఆయన ఫోన్ చేశాడు.

"ఇచ్చేశాను తల్లీ. ఆ అమ్మాయి అంత పొట్టతో మటాటు మెట్లెక్కడం రోడ్డు మీద చూశాను. ఇంక చూస్తూ ఊరుకోలేకపోయాను."

"లాగ్‌బుక్కు దొరికిందా?"

"సొరుగులోనే ఉంది. పైనే."

గేటు దగ్గర ఆయన కుర్చీ, బండి లేని ఖాళీ జాగా నా కళ్ళముందుకొచ్చాయి. శనివారం ఏం చేస్తారని అడగబోయి మానేశాను.

ఆయనే అన్నాడు. "వెనకాల కోళ్ళ గూడొకటుంది. మంచి కలప. దానికి బోర్డు కడదామా అనుకుంటున్నాను."

నాకు కోళ్ళు లేవు.

"ఎంత పొడుగుంటుంది?" అన్నాను.

"టేపు పెట్టి కొలవాలి. నువ్వొచ్చి ఒక కొస పట్టుకుంటే..."

"పది గంటలకి వస్తాను," అన్నాను.