తలకాయ వాటా

మా దీవిలో ఎవరు పెద్ద చేప పట్టినా తలకాయ ఇంటి పెద్దకే. అన్నయ్య పోయాక ఆ వాటా నాకు వస్తోంది. ఆ శనివారం మధ్యాహ్నం అన్నయ్య కొడుకు రోపాతే చేతి పొడవున్న ఎర్ర చేపను తెచ్చి మా వంటింటి గుమ్మంలో దించాడు. సగం ఊరికి పంచగలిగినంత చేప. మా వాటా ఉంచుకుని మిగతాది ఊళ్ళో పంచాం.

"ఎక్కడ పట్టావురా?"

"తుఫానుకి విరిగిన పగడపు దిబ్బ దగ్గర, బాబాయ్. ఈగలు ఎలా ముసురుతున్నాయో చూడు, విషం ఉంటే వాలవు. రిటైరైనా నీకు పరీక్షలు పెట్టే జబ్బు పోలేదు!"

నవ్వి ఊరుకున్నాను.

నా కొడుకు ఓడ పనిమీద ఉన్నాడు. ఇంట్లో నేనూ, కోడలు వినియానా, ఆమె నెలన్నర పాపా. వినియానా చేపను కొబ్బరిపాలలో ఉడికించి తలకాయ నా ముందు పెట్టింది. బాలింతకు తలకాయ పెడితే పాలు బాగా పడతాయని నా భార్య సేరా అంటుండేది. ఆమె పోయి నాలుగేళ్ళు. గిన్నె వినియానా వైపు జరిపాను.

"వద్దు మామయ్యా, అది మీ వాటా."

"నా వాటా నా ఇష్టం. తిను. నువ్వు తింటే నా మనవరాలికి పోతుంది."

నేను తోక దగ్గరి ముక్క తిన్నాను.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఇద్దరికీ వాంతులు. నావి రెండుసార్లతో ఆగాయి. ఆమెవి ఆగలేదు. చన్నీళ్ళు తెచ్చి ఇస్తే గ్లాసు కింద పడేసింది.

"మండుతోంది మామయ్యా! మరిగించారా?"

అప్పుడు తెలిసింది నాకు. విరిగిన పగడాల మీద పెరిగే విషపు నాచును చిన్న చేపలు తింటాయి, వాటిని పెద్ద చేపలు తింటాయి, విషం తలలోనూ కాలేయంలోనూ ఎక్కువగా పేరుకుంటుంది. దానికి వాసన ఉండదు, రుచి ఉండదు, ఉడికించినా పోదు. ఒంటికి ఎక్కితే చల్లనిది నిప్పులా కాలుతుంది. ఇరవై ఏళ్ళు నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పిన పాఠం.

నర్సు మాకెలెసి వచ్చి వినియానా నాడి పట్టుకుని చాలాసేపు లెక్కపెట్టింది. నాడి నెమ్మదిగా ఉంది.

"దీనికి విరుగుడు లేదు మాస్టారూ. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి. గోరువెచ్చగా ఇవ్వండి. పాపకి పాలు ఇచ్చావా అమ్మా?"

"రెండుసార్లు."

మాకెలెసి తల దించుకుంది. "ఇంక ఇవ్వకు. పిండి పారబొయ్యి."

తెల్లవారేసరికి పాపకి విరేచనాలు, ఒంటినిండా దద్దుర్లు. ఏడవడానికి కూడా ఓపిక లేదు. రేడియోలో పెద్దాసుపత్రి డాక్టరు సముద్రం అల్లకల్లోలంగా ఉంది, పడవ పంపలేమన్నాడు. డబ్బాపాలు తెచ్చే పడవ శుక్రవారానికి గాని రాదు. ఊళ్ళో పాలిచ్చే తల్లులు ఇంకో ముగ్గురు. ఇద్దరు అదే చేప తిన్నారు. ఆ ఆదివారం చర్చి గంట మోగలేదు. కొట్టేవాడూ మంచం మీదే ఉన్నాడు.

మూడో ఆమె టిటిలియా. ఎగువ దీవి నుంచి వచ్చిన కోడలు. వాళ్ళ వంశానికి మూలపురుషుడు ఆ ఎర్ర చేపే, కాబట్టి వాళ్ళు దాన్ని ముట్టరు. ఆ దీవికీ మా ఊరికీ పూర్వం నుంచి ఎగతాళి చుట్టరికం, ఎంత మాటన్నా పడాల్సిందే. నేను కబురు పంపేలోపే తన పిల్లవాణ్ణి చంకనెత్తుకుని గుమ్మంలో నిలబడింది.

"మా తాతని వండుకుని తిన్నారుగా, దొంగ మొహాల్లారా! ఆయన ఊరుకుంటాడా? ఏదీ, పిల్లని ఇలా తేండి."

చాపమీద పడుకున్న వినియానా పెదవి కొంచెం కదిలింది. అది నవ్వే అనుకున్నాను.

పాప రొమ్ము పట్టలేదు. టిటిలియా పాలు పిండి చెంచాతో పోసింది. పోసిన ప్రతి చుక్కా పాప కక్కేసింది. ఆ రోజంతా అంతే. మర్నాడూ అంతే. పాప నడినెత్తి గుంటపడింది. తాగునీళ్ళ పీపా ఎండలో ఉండటం వల్ల నీళ్ళు వాటంతటవే వెచ్చబడి వినియానా నోటికి మంట పెట్టలేదు. ఆ రెండు రోజుల్లో మాకు దొరికిన దయ అదొక్కటే.

మంగళవారం ఉదయం పాప టిటిలియా రొమ్ము పట్టింది. గుటకలు వినపడుతున్నాయి. గోడవైపు తిరిగి పడుకున్న వినియానా వాటినే వింటోంది. పిండి పారబోస్తున్నా, వాంతులతో ఆమె పాలు అప్పటికే తగ్గిపోయాయి.

"మామయ్యా," అంది తిరక్కుండానే, "అది విరిగిన దిబ్బ చేపని మీకు తెలుసా?"

"రోపాతే చెప్పాడు."

"ఆ విషం సంగతి?"

"పిల్లలకి పాఠం చెప్పాను. ఆ పూట గుర్తు రాలేదమ్మా. నీకు పాలు పడతాయన్నదే గుర్తొచ్చింది."

టిటిలియా పాప తలని చేతిమీద సర్దుకుంది.

పాప రొమ్ము వదిలింది. టిటిలియా అందిస్తే వినియానా లేచి కూర్చుని చేతులు చాపింది. పాప ఒంటి చల్లటి చెమట తగలగానే అరచేతులు కాలినట్టు వెనక్కి తీసుకుంది. పాపకేసి చూసింది, నాకేసి చూసింది.

"మీరు ఎత్తుకోండి మామయ్యా. త్రేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోండి."

ఎత్తుకున్నాను. ఎండుటాకు బరువు కూడా లేదు. వీపు నిమురుతూ గదిలో అటూ ఇటూ తిరిగాను. ముగ్గురం నా చొక్కా భుజంకేసే చూస్తున్నాం. త్రేన్పు వచ్చింది. చొక్కా పొడిగానే ఉంది.