మోసేవాడి కళ్ళు

గాసి విశాఖపట్నం చూడటానికి రాలేదు. కొడుకుని ఇంటికి తీసుకుపోవడానికి వచ్చాడు. కొడుకు మంగ్లు రేవు కట్టే పనికి రాయి కొట్టడానికని కొండ దిగి, వానాకాలంలో జ్వరమొచ్చి పోయాడు. అరకు లోయ మీది కొండల్లో ఉన్న వాళ్ళ ఊరికి ఆ కబురు చేరేసరికే తోటి కూలీలు మట్టి చేసేశారు.

గాసి ఊళ్ళో అంతటితో తీరిపోదు. పరాయిచోట పోయినవాడి జీవం అక్కడే తిరుగుతూ ఉంటుంది. ఇంటివాడొకడు వెళ్ళి, వాడికి ఇష్టమైన చోట అడ్డాకులో గుప్పెడు సామబియ్యం పోసి, పేరు పెట్టి పిలవాలి. ఆకు మీదికి సాలీడు ఎక్కితే వాడు వచ్చినట్టు. చీమలు లెక్కలోకి రావు, అవి పిలవని పేరంటానికైనా వస్తాయి. ఆకు మడిచి నారతో కట్టి, తల వంచుకుని తిన్నగా ఇంటికి నడవాలి. ఆకులో ఉన్నవాడికి మోసేవాడి కళ్ళే కళ్ళు. మోసేవాడు దారిలో దేన్నైనా మురిపెంగా చూశాడా, లోపలివాడు దానికి ఆశపడి అక్కడే ఆగిపోతాడు. ఇల్లు చేరినవాడికే పెద్దల పక్కన రాయి నిలబెడతారు. చేరనివాడికి రాయి లేదు, పండక్కి పిలిచి కూడు పెట్టేవాళ్ళూ ఉండరు. తల్లి చిట్టెమ్మ అప్పుడే రాయి ఎంచి పెట్టుకుని కూర్చుంది.

కొడుక్కి ఇష్టమైన చోట్లు ఏవో గాసికి ఒకరు చెప్పనక్కర్లేదు. కిందటేడు మామిడికొత్త పండక్కి, మేస్త్రీ కొత్త కూలీల కోసం కొండకు వస్తూ మంగ్లుని వెంట తెచ్చాడు. వాడు పొయ్యి పక్కన కూర్చుని పట్నాన్ని కళ్ళకు కట్టినట్టు చెప్పాడు. గుడీ దర్గా చర్చీ పక్కపక్కనే ఉన్న మూడు కొండలట, తెల్లగుడ్డ మీద మనుషులు పరిగెత్తే డేరా అట, అన్నిటికన్నా మించి సముద్రమట. సముద్రం మాట చెబుతూ కూడు చల్లారిపోయినా చూసుకోలేదు. అది విని ఇంకా కొందరు కుర్రాళ్ళు మేస్త్రీ వెంట దిగిపోయారు.

పట్నంలో గాసికి తెలిసినవాడు తాతారావు ఒక్కడే. కొండమీద సంతల్లో చింతపండు కొనే షావుకారు. బేరంలో గట్టివాడే గాని, అరుగు మీద పడుకోనిచ్చి అన్నం పెట్టాడు. ఊరు చూపించడమంటే అతనికి మహా సరదా. పట్నమంతా వాళ్ళ తాతే కట్టించినట్టు మాట్లాడతాడు.

మూడు కొండలూ ఎక్కించాడు. గాసి ప్రతిచోటా ఒక మూల చూసుకుని ఆకు పరిచాడు, పిలిచాడు. గుడి మెట్ల దగ్గర మేక వచ్చి బియ్యం నాకేసింది. బయస్కోపు డేరా బయట ఎవడో చూసుకోకుండా తొక్కి పోయాడు. సముద్రం ఒడ్డున గాలికి గింజ నిలవలేదు. మళ్ళీ పోశాడు, మళ్ళీ పిలిచాడు.

"ఎక్కడెక్కడోళ్ళో బళ్ళు కట్టుకొని ఈ సముద్రం సూడ్డానికొత్తారు. నువ్వేటి గాసీ, ఆకు కేసే సూత్తన్నావు?"

"ఆడొత్తాడేమోనని బాబూ."

తాతారావు గొడుగు విప్పి, గాలికి అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు. ఎండ వాలేదాకా అలాగే ఉన్నారు. చీమలు మాత్రం వచ్చాయి. కొడుకు తన మీద అలిగాడేమో, పిలుపు అందనంత దూరం పోయాడేమో అనుకున్నాడు గాసి.

మర్నాడు, మట్టి చేసిన చోటైనా కళ్ళారా చూసి పోదామని క్వారీకి వెళ్ళారు. అది ఊరికి ఎడంగా, కొండ వెనక ఉంది. అక్కడ కూలీలకు గంజి కాచే నూకరత్నం వాళ్ళకు ఆ చోటు చూపించింది. ఎక్కడెక్కడ పిలిచిందీ గాసి చెబుతుంటే విని, ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆడు సముద్రం ఎప్పుడు సూసేడన్నా? కొండోళ్ళు ఊరికి పారిపోతారని మేస్త్రీ పాకలు దాటనిచ్చీవోడు కాడు. ఏవీ సూళ్ళేదు ఆడు. రాళ్ళ బళ్ళు తోలీవోళ్ళు తిరిగొత్తే గంజి కూడా తాగకుండా ఎల్లి కూకునీవోడు. ఊళ్ళో ఏటేటున్నాయి, సముద్రం ఎలాగుంటది అని ఒక్కొక్కర్నీ అడిగి సెప్పించుకునీవోడు."

గాసి అలాగే నేలమీద కూలబడ్డాడు. వాడి పేరు చెప్పుకుని అన్నీ తిరిగినవాడు తనే. వాడు మాత్రం ఒక్కటీ చూడలేదు.

మంగ్లు రోజూ కూర్చుని రాయి కొట్టిన బండ చూపించింది నూకరత్నం. గాసి ఆకు పరిచాడు. పేరు పూర్తిగా నోట్లోంచి రాకముందే బండ పగులులోంచి చిన్న సాలీడు దిగి బియ్యం మీదికి ఎక్కింది.

ఆకు మడిచి, నారతో కట్టి, గుండెకు హత్తుకుని తల దించుకున్నాడు. క్వారీ దాటాక దారి రెండుగా చీలింది. ఒకటి కొండలకు, ఒకటి ఊళ్ళోంచి సముద్రానికి. గాసి అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. ఇంటి దగ్గర చిట్టెమ్మ ఉంది, రాయి ఉంది. చివరికి ఊరివైపు తిరిగాడు.

"తల దించుకొని తిన్నగా పోవాలన్నావు గదేటి?" అన్నాడు తాతారావు.

"అన్నాను బాబూ."

"ఆడక్కడ ఉండిపోతేనో?"

గాసి ఆకుని ఇంకా దగ్గరికి హత్తుకుని, తల దించుకునే ముందుకు నడిచాడు.

ఒడ్డున మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, అప్పుడు తలెత్తాడు. నిన్న ఎండ వాలేదాకా దాని ముందే కూర్చున్నాడు గాని, సముద్రాన్ని చూడటం అదే మొదలు. నార ముడి విప్పి, ఆకు తెరిచి పట్టుకున్నాడు.

"సూడ్రా నాయినా. తనివితీరా సూసుకో. ఉండాలనుంటే ఉండిపో. మీ అమ్మకి నాను సెప్పుకుంతాను."

కళ్ళు మండేదాకా రెప్ప వెయ్యకుండా చూశాడు. నీళ్ళు నిండి కనపడకపోతే తుడుచుకుని మళ్ళీ చూశాడు. కొడుకు కోసం ఏడవడం తప్పు కాదు గాని, ఏడిస్తే వాడికి కనపడదు. చాలాసేపటికి, సాలీడు ఉందో లేదో ఆకులోకి చూడకుండానే ముడి వేసి, కొండదారి పట్టాడు.

ఊరు చేరేసరికి చిట్టెమ్మ రాయి పక్కనే ఉంది. గొయ్యి తవ్వి ఉంది.

"ఆడొచ్చినాడా?"

"సముద్రం సూసేడు" అన్నాడు గాసి.

చిట్టెమ్మ మొగుడి మొహంలోకి చూసింది. ఆకు అందుకుంది. ముడి విప్పకుండానే గోతిలో పెట్టి, రాయి ఎత్తడానికి అతన్ని ఒక చెయ్యి వెయ్యమంది.