లింగాచారి చేతి గీటురాయి

నేను ఒక నల్లరాయిని, అరచేతిలో ఒదిగేంత. బంగారం బజారులో నన్ను గీటురాయి అంటారు. అబద్ధమాడని వాళ్లలో జనం మొట్టమొదట నా పేరే చెబుతారు. ఆ పేరుతోనే నా వ్యాపారం సాగింది. పేరున్నవాడి సరుకును ఎవరూ మూట విప్పి చూడరు. మీరూ చూడరన్న ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను.

కృష్ణ ఒడ్డున ఇసుకలో పడివున్న నన్ను ఒక ముసలి కంసాలి ఏరి, నున్నగా సానబట్టి, బందరులో ఉన్న తన మేనల్లుడు కొమ్మోజు లింగాచారి చేతిలో పెట్టాడు. రంగూనుకు పొగ ఓడలు నడిచే రోజులవి. లింగాచారి నగలు చేసేవాడు కాదు, చేసిన నగ మేలిమి పదహారు వన్నెల్లో ఎన్ని వన్నెలదో తేల్చేవాడు. నగతో నా మీద ఒక గీటు, పక్కనే తన దగ్గరున్న మేలిమి బంగారపు పుల్లతో ఇంకో గీటు గీసేవాడు. రెంటి మీదా ద్రావకం చుక్క వేసేవాడు. కల్తీ గీటు ఆకుపచ్చగా పొంగి చెరిగిపోతుంది, మంచిది నిలుస్తుంది. పని అయ్యాక మైనపు ముద్దతో నన్ను శుభ్రంగా తుడిచేవాడు. తుడవని రాయి మాట నమ్మకూడదన్నది ఆ వృత్తిలో మొదటి పాఠం.

అతనికి భార్య పోయింది, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఎదురు కొట్టు కొత్తమాసు మల్లయ్య శెట్టి. చిన్ననాటి స్నేహం. మల్లయ్యకు జ్వరం వస్తే ఇతను పథ్యం చేసేవాడు. మల్లయ్య మీసం తీయించుకుంటే వారం తిరక్కుండా ఇతని మీసమూ పోయింది. మల్లయ్య కొట్టు తెరవడం పావుగంట ఆలస్యమైతే ఇతని చేతిలో నేను చెమటతో తడిసిపోయేదాన్ని.

"ఏం ఆచారీ, శెట్టి తుమ్మితే నీకు పడిశమా?" అని పక్క కొట్టు పూసలాయన ఎగతాళి చేసేవాడు.

"నువ్వు తుమ్మితే చిరంజీవ అనే దిక్కయినా లేదుగా, ఆ కుళ్లు నీది" అని ఇతను తిప్పికొట్టేవాడు.

మల్లయ్యకు ఆ స్నేహం ఒక అలవాటు. లింగాచారికి అదే బతుకు. ఒకడికి గరజు, ఇంకొకడికి తీరుబడి ఉన్న బేరంలో ఎవడు మునుగుతాడో వ్యాపారం తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అప్పుడు మంగళగిరి నుంచి పానకాలు అనే వర్తకుడు వచ్చాడు. నవ్వు మొహం, చురుకైన మనిషి. రంగూనులో ఇద్దరం కలిసి కొట్టు పెడదామని మల్లయ్యకు ఆశ చూపాడు.

"ఆర్నెల్లేరా లింగా. కొట్టు నిలదొక్కుకోగానే వచ్చేస్తా" అన్నాడు మల్లయ్య.

"వాడితోనేనా?"

"వాడికి అక్కడ మనుషులున్నారు. నాకెవరున్నారు?"

లింగాచారి నన్ను ముందుకు లాక్కున్నాడు. ఆ పూట వచ్చిన నగలన్నీ అవసరానికి మించి గట్టిగా గీశాడు.

ఆ బజారులో ఒక ఆచారం ఉంది. పొత్తు కలిసేముందు ఇద్దరు వర్తకులూ తమ ఇంటి ఆడవాళ్ల నగ ఒక్కొక్కటి తెచ్చి, నలుగురి ఎదుట నా మీద గీయిస్తారు. నగ విషయంలో నిజం పలికినవాడు వ్యాపారంలోనూ పలుకుతాడని వాళ్ల నమ్మకం. పానకాలు తన భార్య గొలుసు తెచ్చి, పద్నాలుగు వన్నెలదని చెప్పాడు. గీటు పడింది. ద్రావకం తగలగానే ఆకుపచ్చగా పొంగింది.

"తొమ్మిది" అన్నాడు లింగాచారి.

"ఆచారిగారూ, ఇంకోసారి గీయండి. మా మామగారు పెట్టిన గొలుసండీ అది!"

"రాయికి మీ మామగారితో చుట్టరికం లేదయ్యా."

నలుగురూ నవ్వారు. మల్లయ్య మాత్రం తల దించుకున్నాడు. నేను చూసింది చూసినట్టు చెబుతున్నాను. ఆ గొలుసు తొమ్మిది వన్నెలదే.

ఆ తర్వాత బజారులో పానకాలుకు ఎవరూ పీట వేయలేదు. మామగారు మోసం చేశాడనుకుని అతను భార్యతో మాట్లాడటం మానేశాడు. వానలు వెనకపట్టేలోపు జ్వరంతో పోయాడు. రంగూను ప్రయాణం ఆగిపోయింది. లింగాచారి రోజూ మల్లయ్యతో కూర్చుని తమలపాకులకు సున్నం రాస్తూ కబుర్లు చెప్పాడు. అంత సంతోషంగా అతన్ని నేను ఎన్నడూ చూడలేదు.

ఏడాది తిరిగాక పానకాలు భార్య నాంచారమ్మ మల్లయ్య కొట్టుకు వచ్చింది. చేతిలో గొలుసు లేదు, బంగారపు ముద్ద ఉంది.

"చెన్నపట్నంలో కరిగించి చూపించానన్నయ్యా. పద్నాలుగుకు వీసమెత్తు తగ్గలేదు. నాకు మీ పొత్తూ వద్దు, ఓదార్పూ వద్దు. ఆయన దొంగ కాదని ఈ ఊళ్లో ఒక్కరికైనా తెలియాలని వచ్చాను."

ఇక నా మూట విప్పక తప్పదు. ఇందాక మీకు అబద్ధం చెప్పాను. ఆ రోజు పొద్దున, నలుగురూ రాకముందే, లింగాచారి తలుపు దగ్గరగా వేసి ఇత్తడి చెంబు అంచుతో నా మీద సన్నగా గీశాడు. తుడవలేదు. గొలుసును సరిగ్గా ఆ ఇత్తడి మీదే నడిపించాడు. ద్రావకానికి పొంగింది ఇత్తడి. దాంతోపాటే పైనున్న బంగారమూ లేచిపోయింది. మీకెందుకు దాచానంటారా? ముప్పై ఏళ్లు ఆ చేతి వేడి తిన్నాను. అతనికి మల్లయ్య ఎంతో, నాకు అతను అంత.

మల్లయ్య మా కొట్టుకు వచ్చాడు. లోపలికి రాగానే తలుపు గడియ వేశాడు. పరువు తీయాలనుకున్నవాడు తలుపు తెరిచి అడుగుతాడు. గడియ వేసి అడిగాడంటే క్షమించే ఉద్దేశంతో వచ్చాడనే నేను లెక్కగట్టాను.

"లింగా, రాయి తప్పా, చెయ్యి తప్పా?"

లింగాచారి మైనపు ముద్ద తీసి నన్ను తుడవడం మొదలుపెట్టాడు. మల్లయ్య ఆగాడు.

"రాయేరా" అన్నాడు లింగాచారి చివరికి. "పాతబడిపోయింది. మార్చాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా."

"అయితే ఇలా ఇచ్చెయ్. తప్పుడు రాయి నీకెందుకు?"

నా చుట్టూ లింగాచారి పిడికిలి బిగిసింది. ఇవ్వనంటే అబద్ధం బయటపడుతుంది. ఒక్కొక్క వేలే తెరుచుకుంది. మల్లయ్య నన్ను జేబులో వేసుకుని, గడియ తీసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. నెల తిరక్కుండా సంసారాన్ని పడవెక్కించి ఏలూరుకు మార్చాడు.

అక్కడ నా మీద ఎవరూ బంగారం గీయలేదు. మల్లయ్య కోడలు తన పసివాడికి మాటలు త్వరగా రావాలని రోజూ నా మీద వసకొమ్ము అరగదీసేది. అలా చాలా ఏళ్లు గడిచాయి, పిల్లలు మారారు. ఒక మధ్యాహ్నం ఆమె నన్ను అరుగు మీద పెట్టుకుని వస అరగదీస్తుండగా, గొడుగు పట్టుకుని ఒక ముసలివాడు వచ్చి నిలబడ్డాడు. నేను గుర్తుపట్టాను.

"ఎవరు కావాలండీ?"

"బందరు నుంచమ్మా. శెట్టి ఉన్నాడా?"

ఆమె గదిలోకి తొంగిచూసింది. మంచం మీది మల్లయ్య లేడని చెప్పమన్నట్టు చెయ్యి ఊపాడు.

"మామయ్యగారు ఊళ్లో లేరండీ."

అదే క్షణంలో లోపలి నుంచి దగ్గు తెర వచ్చింది. ఆపుకోవాలని చూసిన కొద్దీ పెద్దదైంది. ఆ ఇల్లాలు సిగ్గుతో తల వంచుకుంది. లింగాచారి ఆ దగ్గు పూర్తయ్యేదాకా నిలబడి విన్నాడు.

"సరేనమ్మా" అన్నాడు. "కరక్కాయ అరగదీసి తేనెతో నాకమని చెప్పు. ఊరి నుంచి వచ్చాక."

గొడుగు సందు మలుపు తిరిగింది. కాసేపటికి మల్లయ్య గోడ పట్టుకుంటూ వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. కోడలిచేత కరక్కాయ తెప్పించుకుని, నన్ను ఒళ్లో పెట్టుకుని తనే అరగదీయడం మొదలుపెట్టాడు. దగ్గుకు సరిపడేంత ఎప్పుడో తయారైంది. అయినా ఆపలేదు.